చెట్టెక్కినవాడు పాడాలి

ఉరియాం ఎడమ పాదం కొబ్బరిచెట్టు గాటులో ఆనించి, కుడి పాదం పై గాటు కోసం ఎత్తి, అక్కడే ఆగిపోయాడు. పాట రెండో చరణం సగంలో ఉంది. ఊపిరి అంతకంటే తక్కువ ఉంది. చెట్టును రెండు చేతులా కావలించుకుని, నుదురు బెరడుకు ఆనించి, గుండె కాస్త నెమ్మదించేదాకా కళ్లు మూసుకున్నాడు. తూర్పున బయటి సముద్రం మీద వెలుగు విచ్చుకుంటోంది. పడమట దీవి వంకలో ఒదిగిన లోసముద్రం ఇంకా నిద్రమత్తులోనే ఉంది. ఈ గీతపని అతనికి నిన్నా మొన్నటిది కాదు. మీసం మొలవని వయసు నుంచి ఈ చెట్టే, కాకపోతే దీని పక్క చెట్టు.

పాదాల కింద చర్మం కొబ్బరి డొక్కలా గట్టిపడిపోయింది. మోకాళ్ల లోపలివైపు బెరడు రాసుకుని రాసుకుని నల్లగా, నున్నగా కాయలు కాచాయి. ఎడమచేతి బొటనవేలి చివర లేదు, పడుచుతనంలో కత్తికి పోయింది. మెల్లగా పైకి చేరి, మట్టల మధ్య కూర్చుని, ఆ చేత్తోనే నిండిన సీసా విప్పి నడుముకు కట్టుకున్నాడు. విచ్చుకోని పూగెలకు చుట్టిన పీచుతాడును కిందికి జరిపి, కొసను కత్తితో రేకంత పలచగా గీశాడు. తీపికల్లు బొట్టు ఊరి, కాసేపు వేలాడి, కొత్త సీసాలోకి రాలింది. దాన్ని నిలవ ఉంచితే పులిసి మత్తెక్కిస్తుంది. అందుకని ఉరియాం ఏ పూటది ఆ పూటే చుట్టుపక్కల పిల్లలకు పోసేస్తాడు, మిగిలింది పాకం కాస్తాడు. చర్చి పెద్ద మరి, ఇంట్లో పులిసిన కల్లు ఉందంటే ఇంకేమైనా ఉందా!

మా దీవిలో చెట్టెక్కినవాడు పాడాలి. కింద మా ఇళ్లకు గోడలుండవు, నాలుగు గుంజలూ మొగలాకుల కప్పూ తప్ప. నూతి దగ్గర ఆడవాళ్లు స్నానాలు చేస్తుంటారు. మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటుంటారు, అత్తలు కోడళ్ల మీద చెప్పుకుంటుంటారు. పైన మనిషి ఉన్నాడని వాళ్లకు తెలియాలి కదా. పాట వినబడితే చెంగు సర్దుకుంటారు, మాట మింగేస్తారు. పాడకుండా పైన కూర్చున్నవాణ్ణి మేము దొంగ కింద జమకడతాం. చేపలు దొంగిలించినవాడితోనైనా కలిసి అన్నం తింటాం గానీ వీడితో తినం.

ఉరియాం పాట మామూలు పాట కాదు, గావుకేక. భార్య ఆకో పోయినప్పటి నుంచీ అంతే. అతను చెట్టెక్కితే ఊరి చివర కుక్కలు కూడా లేచి కూర్చుంటాయి. పడవలు చేసే తెవేయా అతనికి బావ వరస. రోజూ ఏదో ఒకటి అననిదే ఆయనకు తెల్లారదు.

"ఏం బావా, దేవుడికి చెవుడొచ్చిందా ఏంటి? అంత గొంతు చించుకుంటున్నావు?"

"నాకు వినబడాలని పాడుకుంటున్నాలే."

"నీ పక్కన నువ్వే ఉన్నావు కదయ్యా!"

అందరూ నవ్వేవాళ్లు. అది భక్తి అనుకునేవాళ్లు. అంత పెద్ద గొంతుతో ఎందుకు పాడుతున్నాడో ఆకోకైతే తెలిసేది. ఆమె లేదు.

ఆ పొద్దున ఉరియాం గెల గీశాక కూడా పాట అందుకోలేకపోయాడు. ఛాతీలో ఎవరో పీచుతాడు బిగించి కట్టినట్లుంది. నోరు తెరిచాడు, గాలి వచ్చింది గానీ మాట రాలేదు. కాసేపు కూర్చుంటే పోతుందిలే అనుకున్నాడు. అప్పుడే కింద అడుగుల చప్పుడైంది.

"ఇవాళ పైన ఎవరూ లేనట్టున్నారే," అంది ఆడగొంతు. అది కైతీరో, మా ఊరి బారనికోకు అక్క. దక్షిణాన ఉన్న దీవి నుంచి ఓడలో వచ్చింది. రేపటి ఓడకే తిరుగు ప్రయాణం.

"ఉరియాం తాత ఇంకా లేవలేదేమో," అన్నాడు బారనికో.

"చూడు తమ్ముడూ, పిల్లని తీసుకెళ్లాక మాటిమాటికీ ఓడెక్కించి తిప్పడం నావల్ల కాదు. తల్లి వాసన పోతేగానీ అది నాకు అంటుకోదు. పెద్దమనిషయ్యేదాకా ఇక్కడికి పంపేది లేదు."

"ఓడ వచ్చినప్పుడల్లా తీసుకొస్తావని తబేరాతో చెప్పానక్కా."

"అలాగే అనుకోనీ. ఓడెక్కేదాకా ఆ మాట మీదే ఉండు. తర్వాత ఏడుస్తుంది, ఊరుకుంటుంది. నేను ముగ్గురు బిడ్డల్ని పూడ్చిపెట్టి ఊరుకోలేదూ?"

బారనికో కాలితో ఇసుక గీరిన చప్పుడైంది. చివరికి "సరే" అన్నాడు.

పైన ఉరియాం అంతా విన్నాడు. పాడే ఊపిరి లేకపోతే పోయింది, దగ్గినా సరిపోయేది. ఒక్క దగ్గుకు వాళ్లిద్దరూ చెరో వైపు పోయేవాళ్లు. అతను దగ్గలేదు. ఎందుకు దగ్గలేదో అతనికి తెలుసు. చెవికి పాత రుచి. వాళ్లు వెళ్లిపోయాక గానీ దిగలేదు. దిగేటప్పుడు తన కాళ్లను తానే చూసుకోలేకపోయాడు.

ఇంటి ముందు బారనికో పెళ్లాం తబేరా కూర్చుని ఉంది, చంకలో కూతురు రిబేటా. మూడేళ్ల పిల్ల. బుగ్గలు రెండూ నిన్నటి పాకంతో అంటుకుపోయి ఉన్నాయి. ఉరియాం గిన్నెలో తీపికల్లు పోసి ఇస్తే రెండు చేతులా పట్టుకుని గడగడా తాగేసింది.

"దేవుణ్ణి అడిగావా తాతా?" అంది తబేరా.

"అడుగుతున్నానమ్మా."

"సాయంత్రం మనేబా పాకలో అందరి ముందూ వదిన దీన్ని పెంపుకు అడుగుతుందంట. మొగుడి అక్క అడిగితే కాదని ఎలా అంటాను? అన్నానంటే ఈ ఊళ్లో నాతో ఎవరూ చేపముక్క పంచుకోరు. ఆవిడకేమో ఒక్క బిడ్డా నిలవలేదు, ఆవిడ మొహం చూస్తే నాకే ఏడుపొస్తుంది. ఇవ్వాలేమో అనిపిస్తుంది. రాత్రి ఇది నిద్రలో నా చెవి పట్టుకుని పడుకుంటే, చస్తే ఇవ్వకూడదనిపిస్తుంది. నాకేం తెలియడం లేదు తాతా." ముక్కు చీదుకుంది. "దేవుడు ఇవ్వమంటే ఇస్తాను. వద్దన్నాడని నువ్వు చెబితే ఇంక ఎవరూ నోరెత్తరు. నా పెళ్లప్పుడూ నువ్వే కదా అడిగి చెప్పావు."

ఉరియాం తలదించుకుని సీసా మూత బిగించాడు. అది అప్పటికే బిగించి ఉంది.

"సాయంత్రం చెప్తాను," అన్నాడు.

ఆమె వెళ్లాక చాప మీద వాలాడు గానీ నడుం ఆనలేదు. ఇదంతా జాలితో మొదలైంది, అదే అతనికి అన్నిటికంటే సిగ్గు. ఏళ్ల కిందట ఒకనాడు జలుబుతో గొంతు పూడుకుపోయి పాట ఆపాడు. కింద నూతి దగ్గర తెవేయా పెళ్లాంతో గుసగుసగా చెబుతున్నాడు. తమ్ముడు మునిగి చనిపోయాక తనకు సముద్రమంటే వణుకు పుడుతోందట. రోజూ పడవ తీసుకుపోయి దిబ్బ చాటున పడుకుని, ఎవరి దగ్గరో చేపలు అడుక్కుని తెస్తున్నాడట. బుధవారం ప్రార్థనలో ఉరియాం వంతు వచ్చినప్పుడు ఆ మాటే నోట్లోకి వచ్చింది. నీళ్లంటే భయపడుతూ ఆ భయం దాచుకున్న తమ్ముడికి వేరే దారి చూపించు ప్రభువా, అన్నాడు. అంతే, తెవేయా లేచి నిలబడి భోరుమన్నాడు. దేవుడు నా గుట్టు ఉరియాంకు చెప్పాడు, అన్నాడు. చర్చి అంతా అయ్యో అయ్యో అంటూ ఏడ్చింది. ఉరియాం కాదనబోయాడు. పక్కవాళ్లు అతని చేతులు ముద్దు పెట్టుకుంటున్నారు. ఆ వేళ కాదనలేదు. మర్నాడు కాదనడం ఇంకా కష్టమైంది. తెవేయా సముద్రం మానేసి పడవలు చెయ్యడం మొదలుపెట్టి బాగుపడ్డాడు కూడానూ.

తర్వాత జనం రావడం మొదలైంది. బడికి పంపనా, చేమదుంపల గుంట ఎవరికివ్వను, ఈ పిల్లను చేసుకోనా, దేవుణ్ణి అడిగి చెప్పు. అతను నిజంగానే అడిగేవాడు. మోకాళ్లు పచ్చిపుండ్లయ్యేదాకా అడిగేవాడు. బయటి సముద్రపు హోరు వినబడేది, ఆకలేస్తే కడుపు వినబడేది. వాళ్లు మాత్రం మర్నాడు వచ్చి ఆశగా మొహంలోకి చూసేవాళ్లు. అప్పుడు చెట్టెక్కి పాట ఆపేవాడు. ఎన్నిసార్లు ఆపాడో లెక్కపెట్టుకోలేదు. తను లెక్కపెడితే దేవుడూ లెక్కపెడతాడేమోనని భయం.

ఆకో మొదటిసారే కనిపెట్టింది. "పాట ఆపావు కదూ?" అని అడిగింది. అతను మొహం తిప్పుకున్నాడు. ఆమె మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఒక్క దెప్పుమాట అనలేదు, ఎవరి చెవినా వెయ్యలేదు. కానీ ఎవరైనా దారి అడగడానికి వస్తే మాత్రం చేస్తున్న పని అక్కడ పడేసి ఇంట్లోంచి లేచి వెళ్లిపోయేది. వాళ్లు వెళ్లాకే వచ్చేది. చచ్చిపోయేదాకా అంతే. ఆమెను మట్టిలో పెట్టిన మర్నాటి నుంచి అతను గావుకేకలు పెట్టి పాడుతున్నాడు. ఎవరైనా వచ్చి అడిగితే, మీరే ప్రార్థన చేసుకోండి అంటున్నాడు. జనం దాన్నీ గొప్ప మాటగానే తీసుకున్నారు. వెధవ బతుకు, ఎటు తిరిగినా గౌరవమే.

మధ్యాహ్నం ఉరియాం మోకరించాడు. ఇన్నేళ్లలో తన కోసం దారి అడగడం అదే మొదలు. వద్దన్నాడని చెబితే పిల్ల తల్లి దగ్గర ఉంటుంది. అబద్ధమే, కానీ మేలు చేసే అబద్ధం. నిజం చెబితే తన మొహం పోతుంది. పోనీ పిల్లయినా దక్కుతుందా అంటే అదీ తెలియదు, దొంగచాటు మాటకు ఎవడు విలువిస్తాడు? ఏం చెయ్యమంటావు, అన్నాడు. మళ్లీ అన్నాడు. దేవుడు ఏమీ అనలేదు. పెరట్లో కోడి అరిచింది. కళ్లు తెరిస్తే గుంజల మధ్య నుంచి ఎండ, ఖాళీ దారి కనిపించాయి. ఆకో వీపు తిప్పుకుని ఆ దారినే పోయేది. ఉరియాంకు ఒళ్లంతా సిగ్గు పాకింది. ముసలాడు చాప మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రం గీతకు చెట్టు దాకా వెళ్లాడు గానీ మొదటి గాటులో కాలు పెట్టి తీసేశాడు. ఆ ఊపిరి మనేబాలో మాటకు దాచుకుందామనుకున్నాడు.

మనేబా మా ఊరి పెద్ద పాక. ఎవరి గుంజ దగ్గర వాళ్లు కూర్చుంటారు, తాతల నాటి నుంచి వచ్చే చోట్లు. పాట అయింది, ప్రార్థన అయింది. కైతీరో మధ్యకు వచ్చి మర్యాదగా తలవంచి పిల్లను పెంపుకు అడిగింది. ముగ్గురు బిడ్డల పేర్లూ చెప్పేటప్పుడు ఆమె గొంతు నిజంగానే తడబడింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అందరి చూపూ తబేరా మీదికి, తబేరా చూపు ఉరియాం మీదికి వెళ్లాయి.

"చెప్పు బావా," అన్నాడు తెవేయా. "ప్రభువు ఏమన్నాడు?"

ఉరియాం గుంజ పట్టుకుని లేచాడు. "ప్రభువు నాకేం చెప్పలేదు."

"ఇంకా చెప్పలేదంటావా?"

"ఎప్పుడూ చెప్పలేదు బావా. ఇన్నేళ్లలో ఒక్క మాట చెప్పలేదు. అడగలేదని కాదు, అడిగాను. మీకు నేను చెప్పినవన్నీ చెట్టు మీద పాట ఆపి విన్నవి."

దీపం బుసబుసమంటోంది. ఆ చెట్టు కింద తాను ఎప్పుడేం వాగానా అని ప్రతి మనిషీ లోపల్లోపల వెతుక్కుంటున్నాడు.

"మరి నా సముద్రం సంగతి?" అన్నాడు తెవేయా.

"నువ్వూ చెల్లాయీ నూతి దగ్గర మాట్లాడుకున్నారు."

"నేను పదిమందిలో నిలబడి ఏడ్చాను కదయ్యా!" తెవేయా మొహం చెంపదెబ్బ తిన్నట్లయింది. జనంలోకి చూసి, చూడలేక, కూలబడ్డాడు.

"తాతా," అంది తబేరా. "నా పెళ్లి?"

"మీ అమ్మ. మీ పిన్నితో అంటుంటే విన్నాను, బారనికో అయితే బాగుంటుందని."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. తబేరా నవ్వలేదు. ఉరియాం పట్టుకున్న గుంజ జారుతున్నట్లు ఇంకో చెయ్యి కూడా వేశాడు. "ఇవాళ పొద్దున కావాలని ఆపలేదు," అన్నాడు. "ఊపిరి చాలక ఆగింది. కానీ దగ్గగలిగేవాణ్ణే, దగ్గలేదు." తర్వాత చెట్టు కింద అక్కాతమ్ముళ్లు అనుకున్నది ఉన్నదున్నట్లు చెప్పాడు, ఆఖరున బారనికో అన్న 'సరే'తో సహా.

కైతీరో విసురుగా లేచింది. "దొంగచాటుగా విన్న మాట తెచ్చి ప్రార్థనలో పెడతారా? ఈయన మాట చెల్లుతుందా ఇక్కడ?"

"చెల్లదమ్మా," అన్నాడు ఉరియాం. "నా మాట ఇంకెక్కడా చెల్లదు. నీ తమ్ముణ్ణి తబేరానే అడగనీ."

తబేరా మొగుడివైపు తిరిగింది. "సరే అన్నావా?"

బారనికో చాపలో ఒక ఆకు కొస పట్టుకుని పీకుతున్నాడు. "అన్నాను," అన్నాడు.

"దేవుడు వద్దనాలని పొద్దున్నుంచి ఎదురుచూశాను," అంది తబేరా. "దేవుడేం అనలేదంట. అందుకని నేనంటున్నాను వదినా. నీ బాధ నాకు తెలుసు. ఇవ్వను."

మొగుడి అక్క అడిగినదాన్ని ఒక కోడలు మనేబాలో నిలబడి కాదనడం మేమెవ్వరం ఎరగం. పెద్దవాళ్లు నోళ్లు తెరుచుకుని ఉండగానే ఆమె నిద్రపోతున్న రిబేటాను భుజాన వేసుకుంది. పోతూ పోతూ ఉరియాం ముందు ఆగింది. "ఇంకెప్పుడూ నీ దగ్గరికి రాను," అని వెళ్లిపోయింది.

జనం ఒక్కరొక్కరే లేచారు. ఎవరూ అతనికి వెళ్లొస్తామని చెప్పలేదు. తెవేయా ఇంకో వైపు గుంజల మధ్య నుంచి చుట్టు తిరిగి పోయాడు. నిజం చెబితే బరువు దిగుతుందంటారు పాస్టర్లు. ఏం దిగలేదు. ఉరియాం ఇల్లు చేరేలోగా మూడు చోట్ల కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్న చెట్టు మీంచి పాట వినబడలేదు.

ఊరంతా ఆ వినబడకపోవడాన్ని విన్నది. "చూశావా, సిగ్గు లేకుండా మళ్లీ ఎక్కాడు, వింటున్నాడు," అని తెవేయా పెళ్లానికి సైగ చేశాడు. ఆడవాళ్లు దూరంగా ఉన్న ఇంకో నూతికి పోయారు. ఆ దారిన పోవలసినవాళ్లు పెదవులు బిగబట్టుకుని, పైకి చూడకుండా పోయారు. ఓడ దగ్గరికి వెళుతూ కైతీరో తమ్ముడికి చేత్తోనే చెప్పింది, మూట పట్టుకొమ్మని. ఓడ కూత వేసి వెళ్లిపోయింది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా మా ఊళ్లో ఆ చుట్టుపక్కల ఒక్కరూ గట్టిగా తుమ్మలేదు.

తబేరాకే ఒళ్లు మండింది. పిల్లను చంకనేసుకుని తిన్నగా వచ్చి చెట్టు కింద నిలబడింది.

"విను తాతా! నీకు వినడం ఇష్టం కదా, బాగా విను. నా కోపం పోలేదు. పోదు. రాత్రంతా మొగుడితో పోట్లాట, ఊళ్లో ఒక్కళ్లూ పలకరించడం లేదు." చంకలో పిల్లను ఇంకాస్త పైకెత్తుకుంది. "పిల్ల నా దగ్గరే ఉంది. వినబడిందా?"

మట్టలు కదిలాయి.

"పాడకపోతే పోయావు. ఒక్కసారి దగ్గు తాతా."

చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. మట్టల మధ్య ఆకాశం తప్ప ఏమీ లేదు. అప్పుడు అతని ఇంటివైపు పరుగెత్తింది.

ఉరియాం చాప మీద ఒత్తిగిలి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. ఒళ్లు ఎప్పుడో చల్లబడిపోయింది. తబేరా పక్కన కూలబడింది. ఏడుపు రావడానికి చాలాసేపు పట్టింది, వచ్చాక ఆగలేదు. రిబేటా ఆమె ఒళ్లోంచి జారి అరుగు చివరికి నడిచింది. "నాది," అంది.

గుంజకు ఆనించి చిన్న రబ్బరు చెప్పు ఒకటి నిలబెట్టి ఉంది. రాత్రి మనేబాలోంచి పిల్లను ఎత్తుకుపోయే తొందరలో తబేరా చూసుకోకుండా జారిపోయినది. దాని పట్టీల సందుల్లోని ఇసుక కూడా పోయేలా మంచినీళ్లతో కడిగి, నీరు ఓడడానికి మడమ పైకి పెట్టి, వేళ్లవైపు కిందికి ఆనించి ఉంది.